ఏడుపు రాని ప్రార్థన

జూన్ 3, ఆదివారం

ఈ వారం కూడా రాలేదు.

పాటలు అయ్యాక పాస్టరుగారు మైకు నాకిచ్చి కళ్ళు మూసుకున్నారు. హాలంతా కళ్ళు మూసుకుంది. మా సంఘంలో ఇది ఏళ్ళ తరబడి వస్తున్న పద్ధతి. ప్రసంగానికి ముందు నేను ప్రార్థన చేస్తాను. మధ్యలో ఎక్కడో నాకు గొంతు పూడుకుపోతుంది, కళ్ళు కారిపోతాయి, నా వెనకే ఆడవాళ్ళ వరసలు మొదలుపెడతాయి, చివరికి మగవాళ్ళు కూడా రుమాలు కోసం జేబులు తడుముకుంటారు. అప్పుడు పాస్టరుగారు లేచి వాక్యం చెబుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను "కన్నీటి ప్రార్థన అక్క" అని పరిచయం చేస్తారు. నా అసలు పేరు సగం మందికి తెలియదు.

ఈ రోజు "ప్రభువా" అన్నాను. ఆగాను. మళ్ళీ "ప్రభువా" అన్నాను. లోపల ఏమీ లేదు. జబ్బు తగ్గి మళ్ళీ మైకు పట్టుకున్న ఈ కొద్ది వారాలుగా ఇంతే. కింద టైర్ల షాపులో గాలి కొట్టే మిషను బుస్సుమని లేచి ఆగిపోయింది. నా నోట్లో మాట పూర్తి కాకుండానే ఆమెన్ ఆంటీ ఆమెన్ అనేసింది. ఆవిడకి ఆ పేరు పెట్టింది మా చెల్లి. ఆవిడ ఆమెన్ ఎప్పుడూ ప్రార్థన కన్నా నాలుగడుగులు ముందే ఉంటుంది. ఈసారి మాత్రం ఆ తొందర వేరు. ముగించవే తల్లీ అన్నట్టుంది.

మెట్ల దగ్గర పాస్టరమ్మగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పోయినేడు నేను మంచం దిగలేని నెలల్లో మా ఇంటికి వచ్చి నా జుట్టు చిక్కు తీసి వెళ్ళేవారు. అందుకే ఆవిడ మాట ఎక్కువ గుచ్చుకుంది.

"చల్లారిపోయావమ్మా," అన్నారు. "ఎక్కడ చల్లారావో వెతుక్కో."

ఇంటికొచ్చి వెతుక్కున్నాను. గిన్నెలు తోముతూ వెతుక్కున్నాను. దొరకలేదు.

జూన్ 5, మంగళవారం

ఆఫీసులో ఈ నెల కూడా నాకే మొదటి స్థానం. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు పాడైతే జనం ఫోన్ చేసి తిట్టేది మమ్మల్నే. మా ఫోన్లు రికార్డవుతాయి. వాటిని విని మార్కులు వేయడానికి ఒకాయన ఉన్నాడు, మార్కులాయన అంటాం. మర్యాదకి ఇన్ని, త్వరగా తేల్చినందుకు ఇన్ని, సానుభూతికి ఇన్ని. సానుభూతిలో నాకు నూటికి నూరు.

నా ఫోన్ ఒకటి కొత్తగా చేరినవాళ్ళందరికీ వినిపించాడు. ఫ్రిజ్జు ఆగిపోయి ఇంజెక్షన్ మందులు పాడైపోయిన ఒక పెద్దావిడతో నేను, "మీ బాధ నాకు అర్థమవుతోందండీ" అంటున్నాను. ఆ "అండీ" దగ్గర గొంతు కిందికి దిగి ఊపిరిలో కలిసిపోయింది. కొత్తవాళ్ళలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ మాట అంటున్నప్పుడు నేను ఏం ఆలోచిస్తున్నానో నాకు గుర్తుంది. పొద్దున గ్యాస్ కట్టేశానా లేదా అని.

ఫ్రిజ్జు చెడిపోయినావిడ దగ్గర నూటికి నూరు. దేవుడి ముందు సున్నా.

జూన్ 8, శుక్రవారం

చెల్లి కడుపులో గడ్డ ఉందట.

ఇన్నాళ్ళూ అజీర్తి అనుకుంది. స్కానింగ్ తీశారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆపరేషన్. కోసి చూస్తేగాని ఏదీ చెప్పలేమన్నారట. అదే ఫోన్ చేసి చెప్పింది, కూరల ధరలు పెరిగాయని చెప్పినంత మామూలుగా. "ప్రార్థన చెయ్యి అక్కా" అని పెట్టేసింది.

వెంటనే అమ్మ ఫోన్. అమ్మ ఏడుస్తోంది. నాన్నకి గుండెపోటు వచ్చిన రోజు నేను ఆస్పత్రి వరండాలో నేల మీద పడి ఏడ్చానని, ఆ ఏడుపు విని దేవుడు నాన్నని ఇంకో తొమ్మిదేళ్ళు ఉంచాడని, ఇప్పుడు కూడా అలాగే ఏడవాలని చెప్పింది. "నీకు దేవుడిచ్చిన వరం అది. నీ చెల్లెలి కోసం దాన్ని వాడు" అంది.

ఫోన్ పెట్టాక బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. చెల్లి మొహం తెచ్చుకున్నాను. చిన్నప్పుడు చెవి నొప్పితో నా ఒళ్ళో పడుకున్న మొహం. దాన్ని కోస్తారు అనుకున్నాను. చచ్చిపోతుందేమో అని కూడా అనుకున్నాను, కావాలనే, గట్టిగా. భయం ఉంది. ఎక్కడో కింద, దుప్పటి కింద ఉన్నట్టుంది. చెయ్యి పెట్టి లాగితే రావడం లేదు.

అద్దంలో కళ్ళు చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి.

జూన్ 10, ఆదివారం

ఈ రోజు ఏడ్చాను.

రాయాలి. ఎక్కడైనా ఒకచోట నిజం ఉండాలి కదా.

చెల్లి ముందు వరసలో కూర్చుంది, ఒకపక్క అమ్మ, ఒకపక్క మరిది. పాస్టరుగారు ఆపరేషన్ సంగతి చెప్పి మైకు నాకిచ్చారు. హాలు ఊపిరి బిగపట్టింది. నేను "ప్రభువా" అన్నాను. తర్వాత ఏం చేశానంటే, ఊపిరి సగం తీసుకుని ఆపాను. "మా చెల్లి" అనే మాటలో చివరి అక్షరాన్ని కిందికి దింపాను. ఆగాను. ఆ ఆగడం కూడా సరిగ్గా ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు, ఉద్యోగం నేర్పింది. ఆ తర్వాత గొంతు పగిలినట్టు "నీకు తెలుసు తండ్రీ" అన్నాను.

హాలంతా భోరుమంది.

అమ్మ కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడింది. ఆమెన్ ఆంటీ ఆమెన్ అనడం మరిచిపోయి ఏడ్చింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసేశారు. చెల్లి లేచి వచ్చి నా నడుం పట్టుకుని, నా భుజం మీద తల పెట్టి, నేను చెప్పిన ప్రతి మాటకీ ఆమెన్ అంది. నేను చున్నీతో మొహం కప్పుకున్నాను. తడి లేదని కనపడకూడదు కదా.

అయ్యాక అమ్మ నన్ను ముద్దు పెట్టుకుని, దేవుడు విన్నాడు, నాకు తెలిసిపోయింది అంది. పాస్టరమ్మగారు నన్ను చూసి తలూపి నవ్వారు, తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరినట్టు.

ఎవరికీ తేడా తెలియలేదు. నన్ను కన్న అమ్మకే తెలియలేదు. అలాంటప్పుడు వెనకటి నా ఏడుపులు మాత్రం ఏమిటి? అవి నిజమని నాకు ఎవరు చెబుతారు?

దేవుడికి తెలుసు. దేవుడి ముందు, చావుబతుకుల్లో ఉన్న చెల్లిని పక్కన పెట్టుకుని, దొంగ ఏడుపు ఏడ్చాను. ఇప్పుడు దాని గడ్డ భారం నా మీద ఉంది.

జూన్ 11, సోమవారం

చల్లారింది ఎక్కడో దొరికింది. పోయినేడు దిగులు జబ్బుకి డాక్టరు రాసిన మాత్రలు మొదలుపెట్టాక నేను ఒక్కసారి కూడా ఏడవలేదు.

అవి నన్ను మంచం మీంచి లేపాయి, కాదనను. స్నానం చేయించాయి, బస్సెక్కించాయి, ఉద్యోగానికి పంపాయి. కానీ లేపి ఎవరిని పంపాయి? మార్కులాయనకి కావలసిన మనిషిని పంపాయి. దేవుడికి కావలసిన మనిషి ఆ మంచం మీదే ఉండిపోయింది.

అన్నం మానేసి ప్రార్థన చేస్తే ఉపవాసం అంటాం. ఇదీ అంతే. ఇరవై ఎనిమిది దాకా. మా ఆయనకి చెప్పను. మాత్రలు తెచ్చేది, పొద్దున కాఫీ పక్కన పెట్టేది ఆయనే. వేసుకున్నట్టు నోట్లో పెట్టుకుని సింకులో ఉమ్మేస్తే సరి.

జూన్ 14, గురువారం

తల తిప్పినప్పుడల్లా లోపల సన్నగా షాక్ కొట్టినట్టు ఉంటోంది. బస్సులో రెండుసార్లు కమ్మీ పట్టుకున్నాను. నిద్ర లేదు. లోపల ఏదో కదులుతోంది. ఇది ఆయన పనే. ఆయన అంటే మా ఆయన కాదు.

జూన్ 17, ఆదివారం

వచ్చాయి.

మైకు పట్టుకోక ముందే వచ్చాయి. పాటలో రెండో చరణం దగ్గర, ఎవరో వెనక శ్రుతి తప్పి పాడుతున్నారు, ఆ తప్పిన గొంతు వినగానే నాలో ఏదో తెగింది. అయ్యో, ఎంత మంచి మనుషులు వీళ్ళు అనిపించింది. ఆరు రోజులు చాకిరీ చేసి, ఏడో రోజు ఉతికిన బట్టలు కట్టుకుని, టైర్ల షాపు మీద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, శ్రుతి లేకుండా పాడుకునే మనుషులు. వీళ్ళని దేవుడు ప్రేమిస్తున్నాడు అనిపించింది. అనుకోవడం కాదు, అనిపించింది. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఏడాదిగా నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పదిహేడేళ్ళప్పుడు మొదటిసారి ఇలాగే అయింది. వెనక బెంచీలో కూర్చుని జడ కొసలు చూసుకుంటున్నాను. ఎవరో నా పేరు పిలిచినట్టయింది. ఎవరూ పిలవలేదు. కానీ నేను ఎవరికో కావాలి అని అంత స్పష్టంగా అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు. అప్పటినుంచీ నాకు దేవుడంటే ఆ తెలియడమే. సిద్ధాంతాలు పాస్టరుగారికి వదిలేశాను. నాకు ఛాతీ మధ్యలో ఆ వెచ్చదనం ఉంటే దేవుడున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ రోజు ఉన్నాడు. ప్రార్థనలో ఏమన్నానో గుర్తు లేదు. చెల్లి రాలేదు, నీరసంగా ఉందట. పరవాలేదు. ఇరవై ఎనిమిదిన ఆస్పత్రి వరండాలో నేను ఇలాగే ఏడుస్తాను. నాన్నని ఉంచినట్టు దాన్నీ ఉంచుతాడు.

ఎంత సంతోషంగా ఉందో. ఏడుస్తూనే రాస్తున్నాను.

జూన్ 19, మంగళవారం

దిండు గలీబు కుట్టు విడిపోయిందని ఏడ్చాను. చాలాసేపు. దేవుడు నన్ను మెత్తబరుస్తున్నాడు.

జూన్ 21, గురువారం

ఒకాయన వాషింగ్ మిషన్ నీళ్ళు వదలడం లేదని ఫోన్ చేశాడు. భార్య పోయిందట, బట్టలు ఉతకడం ఇప్పుడే నేర్చుకుంటున్నాడట. నాకు ఏడుపు ఆగలేదు. వెక్కిళ్ళు పెట్టాను. ఆయన కంగారుపడి, "అమ్మా, పోనీలెండి, చేత్తో ఉతుక్కుంటాను" అని నన్ను ఓదార్చి ఫోన్ పెట్టేశాడు.

సానుభూతికి మార్కులాయన సున్నా వేశాడు. నిజంగా ఏడిస్తే సున్నా అన్నమాట. నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపొచ్చింది. మధ్యాహ్నం నుంచి టాయిలెట్లో కూర్చున్నాను. ఇంటికి వెళ్ళి రెస్టు తీసుకోమన్నారు.

జూన్ 23, శనివారం

ఆయనకి తెలిసిపోయింది. సింకు అడ్డుపడిందని పైపు విప్పితే జాలీలో సగం కరిగిన మాత్ర ఒకటి ఇరుక్కుని ఉంది. బస్ డిపోలో ఇంజన్లు విప్పే మనిషికి సింకు పైపు ఒక లెక్కా.

అరిస్తే బాగుండేది. అరవలేదు. తడి చేతులతో వచ్చి మంచం చివర కూర్చున్నారు. ఎందుకని అడిగారు. చెప్పాను. చెల్లి కోసమని, దేవుడికి నా కన్నీళ్ళు కావాలని, మాత్ర వేసుకుంటే నా ప్రార్థన పైకప్పు దాటదని. ఆయన గుడికి వచ్చినా వెనక ఫ్యాను స్విచ్చుల దగ్గర కూర్చునే మనిషి. పైకి ప్రార్థన చేయగా నేనెప్పుడూ వినలేదు.

"మాత్ర వేసుకున్న మనిషి మాట వినబడని దేవుడేంటే?" అన్నారు.

నీకేం తెలుసు అన్నాను. నీకు ఒక్కసారి కూడా అనిపించలేదు కాబట్టి నీకు తెలియదు అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. లేచి వెళ్ళి మళ్ళీ మాత్ర, నీళ్ళు తెచ్చారు. చేత్తో కొట్టాను. గ్లాసు పగిలింది. ఆయన గాజుముక్కలు ఏరుతుంటే నాకు జాలి వేయలేదు, కోపం వేసింది. తర్వాత ఆ కోపానికి ఏడ్చాను.

ఐదు రోజులే. ఐదు రోజులు ఆగలేరా.

జూన్ 25

లేవలేదు.

జూన్ 26

లేవలేదు. బాల్కనీ తలుపుకి ఆయన తాళం వేశారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

జూన్ 28, గురువారం

ఈ రోజు.

ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి. చెప్పులు తొడుక్కోవాలి. ముందు కాలు కింద పెట్టాలి. కాలు పెట్టడానికి ముందు దుప్పటి తీయాలి. దుప్పటి దగ్గరే ఆగిపోయాను.

అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. మోగడం ఆగి మళ్ళీ మోగుతోంది. నా బదులు ఆయన వెళ్ళారు. నన్ను ఒక్కదాన్నే వదలకుండా పాస్టరమ్మగారిని పిలిచి కూర్చోబెట్టి వెళ్ళారు. ఆవిడ నా తల దగ్గర కూర్చుని ఏదో పాడారు. ఆవిడకి ఆయన అంతా చెప్పినట్టున్నారు, ఆవిడ నా మొహం వైపు చూడలేకపోయారు.

కన్నీళ్ళు మాత్రం ఉన్నాయి. చెవుల్లోకి పోయాయి, దిండు తడిసి అట్టలా అయింది. చెల్లి కోసం కాదు. దేవుడి కోసం కాదు. దేనికోసమూ కాదు, కుళాయి విరిగితే నీళ్ళు పోయినట్టు పోతున్నాయి. "ప్రభువా" అంటే రెండో మాట రాలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చెల్లి కోసం ఒక్క వాక్యం కూడా ప్రార్థన చేయలేదు.

ఇన్ని కన్నీళ్ళు తెచ్చుకున్నాను, ఒక్క ప్రార్థన లేదు.

జూన్ 30, శనివారం

కోసి, చూసి, కుట్టేశారట. లోపల అంతా పాకిందట. తీయడానికి లేదట.

ఆయన నాకు నిలబడే చెప్పారు. కూర్చుంటే చెప్పలేనేమో అనుకున్నారేమో. నెలలు అన్నారట, ఎన్నో చెప్పలేదట.

నా వల్లే.

జూలై 2, సోమవారం

డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు. పోయినేడు మాత్రలు రాసిన ఆవిడే. తిట్లు తింటాననుకున్నాను. నేను చెప్పిందంతా విని, ఉన్నట్టుండి మానేస్తే ఇలాగే అవుతుందని, తల్లో ఆ షాకులు కూడా అందుకేనని చెప్పింది. అంటే పద్నాలుగో తారీఖున నాలో కదిలింది దేవుడు కాదన్నమాట. పదిహేడున? అది అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం వేసింది.

ఏడుపు ఉంచి మిగతాది తీసేసే మాత్ర లేదా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. కుదుటపడ్డాక మందు మార్చి చూడవచ్చు, తగ్గించి చూడవచ్చు, ముందు లేచి నిలబడాలి కదా అంది. వారాలు పడుతుందట. చెల్లికి అన్ని వారాలు ఉన్నాయో లేదో.

ఆయన ఎదురుగానే మాత్ర వేసుకుని నోరు తెరిచి చూపించాను, చిన్నపిల్లలా.

జూలై 8, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. అమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చింది, తిట్టింది. ఫ్రిజ్జులవాళ్ళ కోసం ఏడ్చే గొంతు ఉంది గాని తోడబుట్టినదాని కోసం రెండు చుక్కలు రాల్చడానికి లేకపోయిందా అంది. ఆపరేషన్ రోజు అందరూ వరండాలో ఏడుస్తుంటే నా జాగా ఖాళీగా ఉందట.

నేను ఆ రోజంతా ఏడ్చానని చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

వెళ్ళేటప్పుడు అమ్మ గుమ్మం దగ్గర నిలబడి నా తల మీద చెయ్యి వేసింది. తీసేసింది. మళ్ళీ వేసింది. అమ్మకి ఇద్దరమే.

జూలై 15, ఆదివారం

వారం నుంచి కాస్త తింటున్నాను. కన్నీళ్ళు తగ్గుతున్నాయి. వాటిని వెళ్ళొద్దని ఎలా ఆపాలో తెలియడం లేదు. పొద్దున లేచి కళ్ళు తడుముకుని చూసుకుంటున్నాను.

గుడిలో ఆయన పక్కన, వెనక కుర్చీలో కూర్చున్నాను. పాస్టరుగారు మైకు పట్టుకుని నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపాను. ప్రార్థన ఆయనే చేశారు. పక్కన మా ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను మొదటిసారి ఆయన మొహాన్ని ప్రార్థనలో చూశాను. ఇన్నేళ్ళూ ఆ సమయంలో నేను ముందు నిలబడి ఏడుస్తున్నాను కదా, ఎలా చూస్తాను. ఆ మొహంలో ఏమీ లేదు. బిల్లు కట్టడానికి లైనులో నిలబడ్డ మనిషి మొహంలా ఉంది. కానీ లైను వదల్లేదు.

చెల్లిని చూడటానికి ఇంకా వెళ్ళలేదు. రెండుసార్లు దాని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? తడి మొహమా, పొడి మొహమా? తడి మొహంతో వెళ్ళాలనుకున్నప్పుడు కాళ్ళు లేవు. ఇప్పుడు కాళ్ళున్నాయి.

జూలై 20, శుక్రవారం

చెల్లి ఫోన్. మాట సన్నగా ఉంది. "వీధి చివరిదాకా వచ్చి పోతున్నావట, మీ మరిది చూశాడు. ఆదివారం లోపలికి రా" అంది. పెట్టేసింది.

జూలై 22, ఆదివారం

గుడి నుంచి తిన్నగా వెళ్ళాను. ఆయన కింద స్కూటర్ దగ్గర ఉండిపోయారు.

మంచాన్ని కిటికీ పక్కకి జరిపారు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టు లేదు. మొహం మాత్రం అదే, పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంది. మందుల పక్కన మడతపెట్టిన తువ్వాళ్ళ దొంతర ఉంది. అవి ఎందుకని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కదా.

చూడటానికి వచ్చినవాళ్ళ కోసమట. అందరూ వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడుస్తారట. అమ్మ పొద్దున, ఆమెన్ ఆంటీ మధ్యాహ్నం, పాస్టరుగారు సాయంత్రం, ఇది వాళ్ళకి తువ్వాలు ఇచ్చి, వీపు నిమిరి, ధైర్యం చెప్పి పంపిస్తుందట. ఆమెన్ ఆంటీకి రెండు తువ్వాళ్ళు పడతాయని చెప్పి నవ్వింది. నవ్వితే కుట్ల దగ్గర పట్టేసింది. కాసేపు కళ్ళు మూసుకుంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పేశాను. మాత్రలు మానేసి ఆపరేషన్ రోజు మంచం మీంచి లేవలేకపోయానని, దానికోసం ఒక్క మాట కూడా ప్రార్థించలేదని. అంతకుముందు గుడిలో, అది నా భుజం మీద తల పెట్టుకున్న రోజు, ఏడుపంతా నటన అని. నా వల్లే ఇలా అయిందని కూడా అన్నాను. చెబుతుంటే గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. వినేవాళ్ళకి నేను కూరల లెక్క చెబుతున్నట్టు ఉండేది. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

అది కళ్ళు తెరవకుండానే అంది: "ఆ రోజు నటన అని నాకు తెలుసు."

పక్కనున్న తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచాను.

"నువ్వు నిజంగా ఏడిస్తే నీకు మాట రాదక్కా. చిన్నప్పటి నుంచీ నీ పక్కన పడుకున్నదాన్ని. ఆ రోజు నీకు మాట వస్తూనే ఉంది. బాగా కూడా వచ్చింది."

"మరి ఆమెన్ ఎందుకన్నావు?"

"నువ్వు అడుగుతున్నది నాకోసమే కదా. నువ్వు ఎలా అడిగితే నాకేం?"

కాసేపు ఇద్దరం కిటికీలోంచి చూశాం. ఎదురింటి మేడ మీద ఎవరో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు. తర్వాత అది, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టావా అని అడిగింది. ఊఁ అన్నాను. మానేయకు అంది. రోజూ ఒక్కరైనా ఏడవకుండా తన పక్కన కూర్చోవాలట, అప్పుడు తను కాసేపు రోగిగా ఉండొచ్చట. అందరూ వచ్చి తన చావు కోసం ఏడ్చి వెళ్ళిపోతున్నారట, తను ఇంకా చావలేదు కదా అంది. ఈ మాట అన్నప్పుడు మాత్రం దాని గొంతు వణికింది. దానికి భయం వేస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరూ దాని భయం చూడలేదు, వాళ్ళ కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి కదా.

ఇప్పుడు ప్రార్థన చెయ్యి అంది.

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, ఎముకలుగా ఉంది. ప్రభువా అన్నాను. ఛాతీలో వెచ్చదనం కోసం అలవాటుగా ఒక్క క్షణం ఆగాను. రాలేదు. రాకపోయినా ముందుకి వెళ్ళాను. ఇది మా చెల్లి, నీకు తెలుసు, దీనికి నొప్పిగా ఉంది, నిద్ర పట్టడం లేదు అన్నాను. ఎండిపోయిన గొంతు. నోటికి అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చాయి. నీ చిత్తమైతే దీన్ని బాగుచెయ్యి, నీ చిత్తమే నెరవేరనీ అంటున్నాను.

చెల్లి నా చెయ్యి లాగింది.

"ఆ మాట తీసెయ్."

ఏ మాట అన్నాను.

"నీ చిత్తమైతే అని. నాకు బతకాలని ఉందక్కా. అదే అడుగు. నాకు అడగడానికి ఊపిరి చాలడం లేదు. నువ్వు అడుగు."

ఇన్నేళ్ళలో నేను ఇలా ఎప్పుడూ అడగలేదు. ఏడ్చాను, బతిమాలాను, కరిగాను, కరిగించాను. ఏడుపు వచ్చాక అడగాల్సింది సగంలో వదిలేసేదాన్ని. ఏడుపే సమాధానం అనుకునేదాన్ని. ఈ రోజు నా దగ్గర ఆ ఏడుపు లేదు. అడగడం ఒక్కటే మిగిలింది.

దీన్ని బతికించు అన్నాను. దీనికి బతకాలని ఉంది. నాకు ఇది కావాలి. బతికించు.

అది ఆమెన్ అంది. నాకేమీ అనిపించలేదు. గదిలో ఏమీ మారలేదు. ఎదురింటివాళ్ళ ట్యాంకు నీళ్ళు గొట్టంలోంచి వీధిలోకి పడుతున్నాయి. చెల్లి అటు తిరిగి పడుకుని, "రేపు కూడా రా" అంది.

జూలై 23, సోమవారం

ఈ రోజు నుంచి మళ్ళీ ఆఫీసు. అక్కడినుంచి తిన్నగా చెల్లి దగ్గరికి వెళ్ళాను. అడిగాను.

జూలై 25, బుధవారం

ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి ఆగలేదు. నేను మెల్లగా అడుగుతుంటే "గట్టిగా" అంది. గట్టిగా అడిగాను. మరిది వంటగదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఇన్నాళ్ళకి ఒకటి అనిపించిందంటే అది ఇదే. కోపంతోనే అడిగాను.

జూలై 27, శుక్రవారం

దేవుడున్నాడో లేడో ఈ వారం నాకు తెలియలేదు. దేవుడికే చెప్పాను ఆ మాట. చెప్పి, మళ్ళీ అడిగాను.

జూలై 29, ఆదివారం

ఈ రోజు చెల్లి మాట్లాడలేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూస్తోందో లేదో తెలియదు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని అడిగాను. అడిగి ఆగాను. ఇంక చాలేమో, దాన్ని పోనివ్వమని అడగాలేమో అనుకున్నాను.

నా వేలు నొక్కింది. ఇంకా అడగమని.

అడిగాను.